క్యాంపర్ వ్యాన్‌లో ఫ్రిజ్ ఆగిపోతే ముందు చూడాల్సింది ఫ్రిజ్‌ని కాదు, వైరుని

ట్రావెలరో వింగరో లాంటి వ్యాన్ తీస్కొని లోపలే పడుకుని వండుకునేలా క్యాంపర్‌గా మార్చుకునేవాళ్ళు ఈమధ్య మనదగ్గర కూడా కనిపిస్తున్నారు, వాళ్ళలో చాలామంది ముందు అడిగేది ఒకటే, ఫ్రిజ్ రాత్రంతా నడుస్తుందా అని. నడుస్తుంది. నడవట్లేదంటే చాలాసార్లు ఫ్రిజ్ బాగానే ఉంటుంది, బ్యాటరీ దగ్గర్నుంచి ఫ్రిజ్ ప్లగ్ దాకా వచ్చే దారిలోనే ఎక్కడో వోల్టేజ్ పడిపోతుంటుంది. ఆ సంగతి తెలీక కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్ళు ఉన్నారు, కొత్తది కూడా అదే సాకెట్‌కి పెడితే అది కూడా ఆగింది. కాబట్టి ఈ పని మొదలెట్టేముందు వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనండి, ఐదొందల లోపే వస్తుంది, వ్యాన్‌లో దీనంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

ముందు ఏ ఫ్రిజ్ అన్నది తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా లెక్కంతా దానిమీదే ఆధారపడుద్ది. కార్లలో పెట్టుకునే చిన్న చవక కూలర్ బాక్సులు ఉంటాయి చూడండి, కంప్రెసర్ లేనివి, ఒక ప్లేటు ఒకవైపు చల్లగా ఇంకోవైపు వేడిగా అయ్యే టైపు, అవి బయట వేడి కంటే ఓ 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. మే నెలలో రెంటచింతల వైపు 44 డిగ్రీల ఎండలో అది లోపల 25 ఉంచితే గొప్ప, మధ్యాహ్నానికి పెరుగు పులిసిపోద్ది, పైగా అది ఆగకుండా కరెంట్ లాగుతూనే ఉంటుంది. ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్ ఇన్వర్టర్ మీద నడపొచ్చు, చవక కూడా, కానీ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా లాగేదానికి ఐదారు రెట్లు లాగుద్ది, దానికోసం పెద్ద ప్యూర్ సైన్ ఇన్వర్టర్ (ఇంటి కరెంట్ లాంటి నున్నటి కరెంట్ ఇచ్చేది) 24 గంటలూ ఆన్‌లో ఉంచాలి, ఆ ఇన్వర్టర్ ఏ పనీ చెయ్యకపోయినా ఓ ఆంప్ దాకా ఎప్పుడూ తాగుతూనే ఉంటుంది. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అయితే ఫ్రిజ్ మోటారు గుర్రుగుర్రుమంటూ వేడెక్కుద్ది, అది అసలే వద్దు. నా ఓటు 12 వోల్ట్ కంప్రెసర్ ఫ్రిజ్‌కే, ధర ఎక్కువే గానీ బ్యాటరీ, సోలార్ మీద మిగిలే డబ్బులు చూస్కుంటే లెక్క సరిపోద్ది.

లెక్క ఇలా ఉంటుంది. 40, 50 లీటర్ల 12 వోల్ట్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు దాదాపు నాలుగున్నర ఆంపులు లాగుద్ది, కానీ కంప్రెసర్ ఎప్పుడూ తిరగదు కదా, చల్లబడ్డాక ఆగుద్ది, మళ్ళీ తిరుగుద్ది. చలికాలం అరకులో అయితే గంటలో పావుగంట తిరిగితే సరిపోవచ్చు, మామూలు రోజుల్లో రోజులో 40 శాతం అనుకోండి, అంటే 24 గంటలకి 43 ఆంప్ అవర్లు (ఆంపుల్ని నడిచిన గంటలతో గుణిస్తే వచ్చేది). ఎండాకాలం మూసిన వ్యాన్‌లో 60 శాతం తిరిగిందంటే 65. దానికి లైట్లు, ఫ్యాను, ఫోన్ ఛార్జింగ్ ఓ 20 కలుపుకోండి. అంటే 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంటే ఏ ఛార్జింగూ లేకుండా ఒక రోజు ధైర్యంగా నడుస్తుంది, రెండోరోజు పూర్తిగా రాదు.

ఇక్కడే చాలామంది బుర్రలో వచ్చే ఐడియా, ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ట్యూబులర్ బ్యాటరీ పెట్టేద్దాం అని. పనిచేస్తుంది, కాదనను. కానీ అది యాభై కిలోల పైనే బరువు, మలుపుల్లో కదిలితే యాసిడ్ చిందుద్ది, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుద్ది కాబట్టి మనం పడుకునే చోట పెట్టకూడదు, బయటికి గాలి పోయే పెట్టె కావాలి. పైగా సగం కంటే కిందికి రోజూ దింపితే త్వరగా చచ్చిపోద్ది, అంటే 150లో మీకు దక్కేది 75. లిథియం అనగానే ఫోన్ బ్యాటరీల్లా పేలుద్దేమో అని భయపడతారు, వ్యాన్‌కి తీస్కోవాల్సింది ఐరన్ ఫాస్ఫేట్ రకం, ఎల్‌ఎఫ్‌పీ అంటారు, అది వాటిలో నిదానమైంది, 80, 90 శాతం దాకా వాడుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లడఖ్, స్పితి వైపు పోయే ప్లాన్ ఉంటే సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు, వాడుకోవచ్చు గానీ ఛార్జ్ చేస్తే సెల్స్ పాడైపోతాయి.

బండి స్టార్టింగ్ బ్యాటరీకి మాత్రం ఫ్రిజ్ తగిలించొద్దు. రెండు బ్యాటరీలు వేరువేరుగా ఉండాలి.

ఛార్జింగ్ విషయానికొస్తే మూడు దారులు, డ్రైవ్ చేస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంట్ పుట్టించేది), ఆగినప్పుడు సోలార్, ఎవరింట్లోనో రిసార్ట్‌లోనో కరెంట్ దొరికితే 230 వోల్ట్ ఛార్జర్. ఇంజన్ బ్యాటరీ నుంచి రెండో బ్యాటరీకి ఒక రిలే (దానంతటదే కలిసి విడిపోయే స్విచ్) పెట్టి నేరుగా వైరు లాగడం పాత పద్ధతి, లెడ్ యాసిడ్ రోజుల్లో నడిచింది. లిథియం అలా పెడితే ఖాళీగా ఉన్నప్పుడు అది ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంకో గొడవ ఏంటంటే 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నియమాలు వచ్చాక కొత్త బండ్లు కొన్నిటిలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఉంటున్నాయి, డీజిల్ ఆదా కోసం మధ్యమధ్యలో వోల్టేజ్ తగ్గించేస్తాయి, అప్పుడు రిలే పడిపోద్ది, ఛార్జింగ్ ఆగుద్ది, మీకు తెలీను కూడా తెలీదు. అందుకే మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ (ఆల్టర్నేటర్ నుంచి లాగే కరెంట్‌ని అదుపులో ఉంచి రెండో బ్యాటరీకి సరైన వోల్టేజ్ ఇచ్చేది) ఒకటి పెట్టండి, 20 ఆంపులది చాలు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు, ఐదు గంటలు అనుకుంటే దిగేసరికి 90, 100 ఆంప్ అవర్లు ఎక్కుతాయి, అంటే ఖాళీ బ్యాటరీ దాదాపు నిండిపోయినట్టే.

సోలార్ గురించి అమ్మేవాళ్ళు చెప్పే నంబర్లు నమ్మొద్దు. 200 వాట్ల ప్యానెల్ అంటే 25 డిగ్రీల ల్యాబ్‌లో 200, మన ఎండకి ప్యానెల్ 65 డిగ్రీలకి వేడెక్కితే అక్కడే ఓ 15 శాతం పోద్ది, టాప్ మీద పడుకోబెట్టి బిగిస్తాం కాబట్టి ఇంకొంత పోద్ది, దుమ్ముకి ఇంకొంత. మంచి ఎండ రోజున 50, 55 ఆంప్ అవర్లు వస్తే సంతోషించాలి, మామూలు రోజుల్లో అది ఫ్రిజ్‌కి సరిపోద్ది. వానాకాలంలో అందులో సగం కూడా కష్టం. ఇందులో తమాషా ఏంటంటే ఫ్రిజ్ తక్కువ తిరగాలంటే బండి నీడలో పెట్టాలి, సోలార్ రావాలంటే ఎండలో పెట్టాలి, రెండూ కుదరవు. నేనైతే బండి చెట్టుకింద పెట్టి ఒక మడతపెట్టే ప్యానెల్ ఎండలో పరవడం మంచిదంటాను. టాప్ మీద ప్యానెల్‌కి ఒక్క మూల కొమ్మ నీడ పడినా అవుట్‌పుట్ ఘోరంగా పడిపోద్ది, ఆ సంగతి కూడా చూస్కోండి.

ఇక వైరింగ్. అసలు కథంతా ఇక్కడే ఉంది, ఇది ఓపిగ్గా చదవండి.

12 వోల్ట్‌లో వైరు మందం అనేది ఇంటి వైరింగ్‌లా కాదు. ఇంట్లో 230లో ఒక వోల్ట్ పోతే ఎవడికీ తెలీదు, ఇక్కడ 12లో ఒక వోల్ట్ పోతే ఫ్రిజ్ ఆగిపోద్ది. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి ఐదు మీటర్లు దూరం అనుకోండి, పోను రాను పది మీటర్ల రాగి. ఇంట్లో లైట్లకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 5 ఆంపులకి దాదాపు 0.6 వోల్ట్ పోద్ది, కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో 10 ఆంపులు లాగిందంటే 1.2 వోల్ట్ పోయినట్టే. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా ఫ్రిజ్‌కి కనిపించేది 11. అది పాపం బ్యాటరీ అయిపోయిందనుకుని దాన్ని కాపాడుదామని ఆగిపోద్ది. అదే 6 స్క్వేర్ వేస్తే స్టార్టింగ్‌లో కూడా 0.3 వోల్టే పోద్ది. వైరుకి ఇంకో కొన్ని వందలు ఎక్కువ పెట్టండి, అంతే పరిష్కారం. మల్టీ స్ట్రాండ్ రాగి వైరే తీస్కోండి, బండి ఊపుకి సింగిల్ స్ట్రాండ్ విరుగుద్ది, రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అమ్ముతుంటారు, కొంచెం గీకి చూస్తే లోపల తెల్లగా కనపడుద్ది.

మైనస్‌ని బండి ఇనుప చట్రానికి, అంటే చాసిస్‌కి తగిలించి (దీన్నే ఎర్త్ అంటారు) ఒక వైరు మిగిల్చే అలవాటు మన ఆటో ఎలక్ట్రీషియన్లకి ఉంది, ఫ్రిజ్‌కి మాత్రం అలా వద్దు, మైనస్ కూడా అదే మందం వైరుతో బ్యాటరీ దాకా తెప్పించండి. రంగు మీద బోల్టు బిగించిన ఎర్త్, తుప్పు పట్టిన ఎర్త్, వీటివల్ల వచ్చే తలనొప్పులు వెతకడానికి రోజులు పడతాయి.

ఫ్యూజ్ అనేది ఫ్రిజ్‌ని కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా ఉండటానికి. అందుకే అది బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలో ఉండాలి, ఫ్రిజ్ దగ్గర కాదు. ఫ్రిజ్ లైనుకి 15 ఆంపుల బ్లేడ్ ఫ్యూజ్ చాలు. 1000 వాట్ల ఇన్వర్టర్ అయితే బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపులు లాగుద్ది, దానికి 35 స్క్వేర్ కేబుల్, 125 లేదా 150 ఆంపుల ఫ్యూజ్ పెట్టి, ఇన్వర్టర్‌ని బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర బిగించండి. లగ్గులు, అంటే వైరు చివర బిగించే లోహపు కొసలు, సుత్తితో కొట్టి బిగించినవి కొన్నాళ్ళకి లూజవుతాయి, వాటిని గట్టిగా నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న షాపులోనే కొట్టించుకోండి, విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు గానీ అడిగితే దొరకడం కష్టం కాదు. వైరు మీద వైరు మెలేసి నల్ల టేపు చుట్టే జాయింట్లు మాత్రం ఎవరేం చెప్పినా ఒప్పుకోవద్దు.

సిగరెట్ లైటర్ సాకెట్ గురించి ఒక మాట. ఫ్రిజ్‌తోపాటు ఆ ప్లగ్గే ఇస్తారు కాబట్టి అందరూ దానికే పెడతారు. దానిలో స్ప్రింగ్ మీద ఆనే చిన్న కాంటాక్ట్ తప్ప పట్టు ఏమీ లేదు, గతుకుల్లో కదులుద్ది, కదిలినప్పుడల్లా వేడెక్కి నల్లబడుద్ది, నల్లబడ్డాక ఇంకా వేడెక్కుద్ది. గంట నడిచాక ఆ ప్లగ్ పట్టుకుని చూడండి, చేతికి కాలేంత వేడి ఉంటే మీ సమస్య దొరికినట్టే. దాన్ని తీసేసి 50 ఆంపుల ఆండర్సన్ కనెక్టర్ (గట్టిగా పట్టుకునే ప్లగ్) వేయించుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు ఫ్రిజ్ ఆగిందనుకుందాం, ఎక్కడ మొదలెట్టాలి.

డిస్‌ప్లే కూడా వెలగట్లేదంటే కరెంటే రావట్లేదు. ముందు బ్యాటరీ దగ్గరున్న ఫ్యూజ్, తర్వాత ప్లగ్, లైటర్ ప్లగ్ అయితే దాని మూతి విప్పండి, లోపల చిన్న ఫ్యూజ్ ఉంటుంది, అది ఉన్నట్టే చాలామందికి తెలీదు. ఈమధ్య వైరింగ్ కదిపి ఉంటే ప్లస్ మైనస్ తిరగబడ్డాయేమో చూడండి. లిథియం బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటర్ పెడితే సున్నానో రెండు మూడు వోల్టులో చూపిస్తే కంగారుపడొద్దు, బ్యాటరీ చావలేదు, లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) రక్షణకోసం కట్ చేసింది, లోడ్లన్నీ తీసేసి లిథియం ఛార్జర్‌తో ఛార్జ్ పెడితే మామూలుగా లేచి కూర్చుంటుంది. కొన్ని సోలార్ కంట్రోలర్లు మాత్రం బ్యాటరీ వోల్టేజ్ కనపడకపోతే అసలు ఆన్ అవవు, అప్పుడు వేరే ఛార్జర్ కావాల్సిందే.

డిస్‌ప్లే వెలుగుతుంది, కంప్రెసర్ టక్కుమని స్టార్ట్ అవబోయి ఆగుద్ది, నిమిషం తర్వాత మళ్ళీ టక్కు, ఇది చాలామందికి వచ్చేది. దీనికి టెస్ట్ సింపుల్. ఒకరు బ్యాటరీ టెర్మినల్స్ మీద, ఇంకొకరు ఫ్రిజ్ ప్లగ్ దగ్గర మీటర్ పెట్టండి, ఒకటే మీటరుంటే ఒకదాని తర్వాత ఒకటి, కానీ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు లేదా స్టార్ట్ అవబోతున్నప్పుడు చూడాలి. ఆగి ఉన్నప్పుడు చూస్తే రెండుచోట్లా ఒకటే చూపిస్తుంది, కరెంట్ పారకపోతే వోల్టేజ్ పడదు కదా, అది చూసి వైరు బాగుంది అనేసుకుంటారు. తేడా అర వోల్ట్ దాటితే దారిలో లోపముంది. ఇంకా తేలిగ్గా కావాలంటే ఫ్రిజ్‌ని తీస్కొచ్చి బ్యాటరీ పక్కనే పెట్టి పొట్టి మందపాటి వైరుతో, మధ్యలో ఫ్యూజ్ ఒకటి పెట్టి, నేరుగా తగిలించండి, హాయిగా నడిస్తే ఫ్రిజ్ మంచిదే, మీ వైరింగే మార్చాలి. అలా కూడా నడవకపోతేనే ఫ్రిజ్‌ని అనుమానించండి.

ఈ ఫ్రిజ్‌లలో బ్యాటరీ ప్రొటెక్షన్ అని మూడు సెట్టింగులు ఉంటాయి, హై మీడియం లో. హై అంటే వోల్టేజ్ కొంచెం పడగానే ఆపేస్తుంది, అది బండి స్టార్టింగ్ బ్యాటరీకి పెట్టుకోవాల్సింది. విడిగా బ్యాటరీ ఉంటే మీడియమో లోనో పెట్టండి, లిథియంకి ఎలాగూ బీఎంఎస్ ఉంది. చాలా ఫ్రిజ్‌లలో ఫ్యాక్టరీ నుంచే హై మీద వస్తుంది, సన్న వైరూ హై సెట్టింగూ కలిస్తే ఇంక చెప్పక్కర్లేదు.

ఎర్రర్ కోడ్‌లు కూడా చూస్కోండి. సీకాప్ కంప్రెసర్, అంటే పాత డాన్‌ఫాస్, ఉన్నవాటికి చిన్న ఎల్‌ఈడీ ఉంటే అది మెరిసేది లెక్కపెట్టాలి, ఒకసారి అంటే వోల్టేజ్ తక్కువ, రెండుసార్లు ఫ్యాను, మూడు కంప్రెసర్ స్టార్ట్ అవ్వలేదు, నాలుగు స్పీడు అందుకోలేదు, ఐదు ఎలక్ట్రానిక్ బోర్డు వేడెక్కింది. వేరే కంపెనీల డిస్‌ప్లే కోడ్‌లు కూడా చాలావరకు ఇదే వరసలో ఉంటాయి గానీ మీ మాన్యువల్‌తో సరిచూస్కోండి. మూడు, నాలుగు వచ్చినా ముందు వోల్టేజే చూడండి, తక్కువ వోల్టేజ్‌లో కూడా మోటారు స్టార్ట్ అవ్వలేక అదే కోడ్ చూపించొచ్చు.

నడుస్తుంది, ఆగకుండా నడుస్తుంది, కానీ చల్లగా లేదు. ఇది కరెంట్ సమస్య కాదు, గాలి సమస్య. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోస్తుంది, దాన్ని చెక్కపెట్టెలో ఇరికించి చుట్టూ దుప్పట్లు కుక్కితే ఆ వేడి ఎటు పోవాలి? ఫ్యాను ఉన్న వైపు కనీసం నాలుగైదు వేళ్ళ ఖాళీ, చల్లగాలి రావడానికి కింద ఒక జాలీ, వేడిగాలి పోవడానికి పైన ఇంకోటి ఉండాలి. జాలీకి పట్టిన దుమ్ము బ్రష్‌తో దులపండి. మూత రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి, ఊరికే వచ్చేస్తే అక్కడ్నుంచి చల్లదనం పోతున్నట్టు, వైజాగ్, కాకినాడ వైపు ఉప్పు తేమలో అయితే ఆ సందులోంచి వచ్చిన తేమే లోపల మంచుగా పేరుకుపోద్ది. బయల్దేరే ముందురోజు ఇంట్లో 230 మీద పెట్టి చల్లబరిచి, చల్లని వస్తువులే సర్దండి, దారిలో కొన్న వేడి నీళ్ళ బాటిళ్ళు డజను పడేస్తే అవి చల్లబడటానికే మీ బ్యాటరీ సగం పోద్ది. 4 డిగ్రీలు చాలు, పాలకీ పెరుక్కీ అంతకంటే అక్కర్లేదు. ఇవన్నీ చూసినా, కంప్రెసర్ గంటలు తిరిగినా లోపలి ప్లేటు చల్లబడకపోతే అప్పుడు గ్యాస్ పోయిందనుకోవాలి, అది సర్వీస్ వాళ్ళ పని. కొన్నిట్లో ఉండే ఆర్600ఏ గ్యాస్ అంటుకునే రకం, రోడ్డుపక్క ఎవరో నింపుతానంటే మూసిన వ్యాన్‌లో ఆ పని చేయించుకోవద్దు.

లైట్లు ఫ్రిజ్ స్టార్ట్ అయినప్పుడల్లా మినుకుమంటున్నాయంటే రెండింటికీ కలిపి ఉన్న జాయింట్ ఏదో లూజు, చాలాసార్లు మైనస్ బస్‌బార్ (మైనస్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) దగ్గర. రాత్రి బ్యాటరీ ఎందుకు అయిపోతుందో తెలీట్లేదంటే ఇన్వర్టర్ ఆఫ్ చేశారా చూడండి. లిథియంకి వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, 13.3కీ 13.0కీ మధ్యలోనే సగానికి పైగా ఛార్జ్ అయిపోద్ది, కాబట్టి షంట్ (వచ్చే పోయే కరెంట్‌ని కొలిచే ముక్క) ఉన్న మీటర్ ఒకటి వేయించుకోండి, మైనస్ వైర్లన్నీ ఆ షంట్ ద్వారానే పోవాలి, ఒక్కటి తప్పించుకుపోయినా లెక్క తప్పుద్ది.

వంట సంగతి. రైస్ కుక్కర్ 700 వాట్లు, అంటే బ్యాటరీ నుంచి 60 ఆంపుల పైనే, అన్నం ఉడికేలోపు 25 ఆంప్ అవర్లు, ఫ్రిజ్ సగంరోజు తినేది. ఇండక్షన్ 2000 అయితే 170 ఆంపుల పైన, ఒక్క 100 బ్యాటరీ మీద ఆ ఆశ పెట్టుకోవద్దు. పచ్చడికి మిక్సీ మాత్రం రెండు నిమిషాలే కాబట్టి బ్యాటరీకి లెక్కలోది కాదు, స్టార్టింగ్ దెబ్బ తట్టుకునేలా ఇన్వర్టర్ 1500 వాట్లు ఉంటే చాలు. వంటకి గ్యాసే మేలు, కిటికీ తీసి.

హోమ్‌స్టేల్లో కరెంట్ తీస్కునేటప్పుడు వాళ్ళ 6 ఆంపుల బోర్డుకి సన్న ఎక్స్‌టెన్షన్ పెట్టి అన్నీ ఒకేసారి వెయ్యకండి, ఎక్స్‌టెన్షన్ చుట్ట విప్పి పరవండి, చుట్టగానే వాడితే లోపల వేడెక్కుద్ది. వ్యాన్ లోపలికి వచ్చేచోట 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) తప్పనిసరి, బండి బాడీ అంతా ఇనుమే కదా, ఎర్త్ సరిగ్గా లేని ఊళ్ళో తడికాళ్ళతో డోర్ పట్టుకుంటే ప్రాణాలమీదికొస్తుంది. ఇన్వర్టర్ అవుట్‌పుట్, బయటి కరెంట్ రెండూ ఒకే లైన్లో ఎప్పుడూ కలవకూడదు, మధ్యలో ఒకసారికి ఒకదాన్నే కలిపే ఛేంజోవర్ స్విచ్ ఉండాలి.

అమెరికాలో ఆర్‌వీ, అంటే అక్కడి క్యాంపర్ బండి, అద్దెకి తీస్కొని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ వైపు పోయే మనవాళ్ళకి కథ వేరు. అక్కడ పాత బండ్లలో కంప్రెసర్ లేకుండా గ్యాస్ మంట మీద చల్లబడే ఫ్రిజ్‌లు ఇంకా ఉన్నాయి, అందులో అమ్మోనియా తిరుగుతుంటుంది, బండి ఒరిగి ఉంటే తిరగదు, కాబట్టి ఆగిన చోట ముందు లెవెల్ చూస్కోవాలి. చల్లబడటానికి రాత్రంతా పడుద్ది, ముందురోజే ఆన్ చెయ్యమని అద్దెకిచ్చేవాళ్ళకి చెప్పండి. 12 వోల్ట్ సెట్టింగ్ ఉన్న మోడలైతే అది డ్రైవ్ చేసేటప్పుడు మాత్రమే వాడాలి, పది ఆంపుల పైనే ఆగకుండా లాగి పార్క్ చేసినచోట బ్యాటరీ ఖాళీ చేసేస్తుంది, ఆగాక గ్యాస్ మీదికో అక్కడి 120 వోల్ట్ కరెంట్ మీదికో మార్చండి. ఫ్రిజ్ వెనక పసుపు పొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు వచ్చినా వెంటనే ఆపేసి, తలుపులు తీసి, అందరూ బయటికొచ్చి అద్దె వాళ్ళకి ఫోన్ చెయ్యండి, దాన్ని మీరు బాగుచెయ్యలేరు.

ఇక డబ్బాలో ఉంచుకోవాల్సినవి, మల్టీమీటర్, దానికో స్పేర్ 9 వోల్ట్ సెల్లు, మీ బండిలో వాడిన ప్రతి సైజు ఫ్యూజ్ రెండేసి, పెద్ద ఫ్యూజ్ ఒకటి ఎక్కువే, ఎందుకంటే హైవే మీద ఏ షాపులోనూ అది దొరకదు, 10, 13 నంబర్ స్పానర్లు, రెండు మీటర్ల 6 స్క్వేర్ వైరు చివర్లకి లగ్గులు కొట్టించి, లైన్లో ఫ్యూజ్ హోల్డర్ పెట్టించి సిద్ధంగా. పైన చెప్పిన టెస్ట్‌కి అదే వైరు పనికొస్తుంది, అర్ధరాత్రి లైన్ పాడైతే తెల్లారేదాకా ఫ్రిజ్ నడపడానికి కూడా అదే.